తూకం రాయి వేడి ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. బడిలో మిశ్రమాల పద్ధతి (వేడి వస్తువును చల్లటి నీళ్లలో వేసి, అది ఇచ్చిన వేడీ నీళ్లు తీసుకున్న వేడీ సమానమని లెక్క కట్టడం) చెప్పాక ఇంట్లో చేసి చూస్తానంది. 200 గ్రాముల ఇనుప తూకం రాయిని మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, పటకారుతో తీసి, స్టీలు గ్లాసులో ఉన్న 150 గ్రాముల మామూలు నీళ్లలో వేసింది. ఆ నీళ్లు 28 డిగ్రీల నుంచి 35.5 డిగ్రీలకు వచ్చాయి. లెక్క కడితే ఇనుము విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి, 0.366 జౌళ్లని తేలింది (జౌల్ అంటే శక్తికి కొలమానం). పుస్తకంలో 0.45 అని ఉంది. పైగా మరిగే నీళ్లలో థర్మామీటరు 98 దాటలేదు. అది పాడైందనుకొని లెక్కలో 100 వేసుకుంది. ‘ఈ పాఠం నాకు రాదు’ అని పుస్తకం మూసేసింది. ఉష్ణం, ఉష్ణోగ్రత, ఉష్ణశక్తి వేరువేరా ఒకటేనా అని అడిగితే నేనూ చెప్పలేకపోయాను. మరిగే నీళ్లకన్నా ఆవిరి ఎక్కువగా ఎందుకు కాలుస్తుందని కూడా అడుగుతోంది. ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పుస్తకం మళ్లీ తెరిపించండి. వంటింటి సామానుతో చేసిన ప్రయోగంలో 0.366 రావడం మంచి ఫలితమే. ఇక 0.45కూ దానికీ ఆ తేడా ఎందుకొచ్చిందో వెతకమనండి. వేడి మాయమైపోదు. రాయి పోగొట్టుకున్నదంతా ఎక్కడో ఒకచోట తేలాలి. గ్లాసులోని నీళ్లలో తేలలేదంటే, లెక్కలో రాయని చోటికి వెళ్లిందని అర్థం. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. అందుకే నిర్వచనాలు కాస్త ఆగాక చూద్దాం. మీ అమ్మాయి రాసిన అంకెల నుంచే మొదలుపెడదాం.

మీ థర్మామీటరు పాడవలేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పీడనం తీరప్రాంతంలో కన్నా సుమారు 6 శాతం తక్కువ. నీటి ఆవిరి పీడనం పైనున్న గాలి పీడనంతో సమానమైనప్పుడు నీరు మరుగుతుంది కాబట్టి, గాలి ఒత్తిడి తగ్గిన చోట కాస్త ముందుగానే మరుగు మొదలవుతుంది. హైదరాబాద్‌లో అది 98 డిగ్రీల దగ్గర. మచిలీపట్నంలో అదే థర్మామీటరు 100 దగ్గర ఆగుతుంది, అరకులో 97 దగ్గరే ఆగిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో దీనికి తిరగబడ్డ కథ జరుగుతుంది: మూత బిగించి లోపలి పీడనం పెంచుతాం కాబట్టి నీరు 120 డిగ్రీల దాకా వెళ్లాక గానీ మరగదు, పప్పు త్వరగా ఉడుకుతుంది. పుస్తకంలో ఉన్న 100 కూడా తప్పు కాదు, అది సముద్రమట్టపు పీడనం దగ్గరి విలువ. ఇంకా అనుమానం ఉంటే ఐసు ముక్కలను దంచి, కొంచెం నీళ్లు పోసి, బాగా కలిపి అందులో థర్మామీటరు ముంచండి. రెండు నిమిషాల్లో 0 దగ్గర నిలబడితే అది నమ్మకమైనదే. సున్నా బదులు 1 చూపిస్తే ప్రతి కొలతలోనూ ఒకటి తీసేసుకుంటే సరిపోతుంది.

ఒక జాగ్రత్త. జ్వరం చూసుకునే థర్మామీటరును ఈ పనికి ఎప్పుడూ వాడకండి. దాని కొలత 35 నుంచి 42 డిగ్రీల వరకే. గాజుదైతే మరిగే నీళ్లలో పగిలిపోతుంది. ప్రయోగశాలల్లో వాడే –10 నుంచి 110 దాకా కొలిచేదే కావాలి. దాని బుడ్డి గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే అది కొలిచేది నీటి వేడిని కాదు, మంట మీదున్న లోహం వేడిని.

ఇప్పుడు లెక్క. ఒక వస్తువు ఇచ్చిన లేదా తీసుకున్న ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో మార్పు. నీటి విశిష్టోష్ణం 4.2, అంటే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌళ్లు కావాలి. మీ అమ్మాయి 150 × 4.2 × 7.5 = 4725 జౌళ్లు నీళ్లు తీసుకున్నాయని రాసింది. రాయి 100 నుంచి 35.5కు, అంటే 64.5 డిగ్రీలు చల్లబడిందనుకుంది. 4725ను 200 × 64.5తో భాగిస్తే 0.366. అంకగణితంలో తప్పేమీ లేదు.

100 బదులు తను నిజంగా చూసిన 98 వేయమనండి. చల్లబడింది 62.5 డిగ్రీలే. విశిష్టోష్ణం 0.378 అవుతుంది. కళ్లెదుట కనబడిన కొలతను వదిలేసి పుస్తకంలోని అంకె వేసుకుంటే ఇలాగే నష్టం.

రెండోది, వేడెక్కింది నీళ్లు ఒక్కటే కాదు, గ్లాసు కూడా 28 నుంచి 35.5కు వచ్చింది. మీరు దాని బరువు రాయలేదు గానీ మామూలు స్టీలు గ్లాసు 100 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. స్టీలు విశిష్టోష్ణం సుమారు 0.5. అంటే గ్లాసు ఒక్కో డిగ్రీకి 50 జౌళ్లు మింగింది. నీళ్లు డిగ్రీకి 630 తీసుకుంటే, రెండూ కలిపి 680. 680 × 7.5 = 5100 జౌళ్లు. దాన్ని 200 × 62.5తో భాగిస్తే 0.408. చూశారా, ఇంకో ప్రయోగం చేయకుండానే సగం దూరం వచ్చేశాం. కెలోరీమీటరు (ఉష్ణం కొలవడానికి వాడే పాత్ర) లెక్కల్లో ‘పాత్ర తీసుకున్న ఉష్ణం’ అని విడిగా రాయించేది ఇందుకే. పిల్లలు దాన్ని మార్కుల కోసం రాసే లాంఛనం అనుకుంటారు.

ఇంకా 525 జౌళ్లు తేలాలి. నిజంగా విశిష్టోష్ణం 0.45 అయితే రాయి 200 × 0.45 × 62.5 = 5625 జౌళ్లు ఇచ్చి ఉండాలి, మనకు దొరికింది 5100. మిగతాది పోయిన దారి చాలామంది ఊహించరు. పటకారుతో పైకి తీసినప్పుడు రాయి తడిగా ఉంది. 98 డిగ్రీల ఇనుము మీద ఉన్న పల్చటి నీటి పొర గాలిలోకి రాగానే ఆవిరైపోవడం మొదలుపెడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే 2260 జౌళ్లు కావాలి, ఆ జౌళ్లు ఇవ్వగలిగింది దగ్గరగా రాయి ఒక్కటే. కేవలం 0.2 గ్రాముల నీరు, అంటే నాలుగైదు చుక్కలు, ఆవిరైతే 450 జౌళ్లు పోయినట్టు. ఈ రాయి ఒక డిగ్రీ చల్లబడటానికి 90 జౌళ్లు చాలు కాబట్టి, అది గ్లాసులో పడేసరికే 98 నుంచి 93కు దిగిపోయి ఉంటుంది. లెక్కలో 98 బదులు 93 వేసి చూడండి: 5100ను 200 × 57.5తో భాగిస్తే 0.443. మిగిలిన కాస్త తేడా గ్లాసు మూతి నుంచి, గోడల నుంచి గాలిలోకి పోయింది.

అలాగని తడి రాయి వల్ల జవాబు ఎప్పుడూ తగ్గుతుందని అనుకోకండి. రాయి గుంటల్లో ఒక గ్రాము వేడి నీరు ఆవిరి కాకుండా నిలిచి గ్లాసులోకి వచ్చిందనుకుంటే, అది 62.5 డిగ్రీలు చల్లబడుతూ 262 జౌళ్లు తెచ్చిపెడుతుంది. మనం ఆ ఖ్యాతి ఇనుముకు కట్టబెడతాం, విశిష్టోష్ణం పెరిగినట్టు కనిపిస్తుంది. ఎంత ఆవిరైందో, ఎంత అంటుకొని వచ్చిందో ఎవరూ చెప్పలేరు. తడి రాయితో చేస్తే ఒకసారి 0.38, ఇంకోసారి 0.47 వస్తుండటానికి కారణం అదే.

కొలతలో అర డిగ్రీ సంగతి కూడా చెప్పాలి. 28 అనుకున్నది 27.5, 35.5 అనుకున్నది 36 అయి ఉంటే తేడా 7.5 కాక 8.5 అవుతుంది. ఆ ఒక్క డిగ్రీతో 0.408 కాస్తా 0.466 అయిపోతుంది. మార్పు చిన్నదైనప్పుడు చదవడంలో దొర్లే చిన్న పొరపాటు పెద్దదవుతుంది. అందుకే గ్లాసులో నీళ్లు తక్కువ పోసి, ఉష్ణోగ్రత ఎక్కువ పెరిగేలా చూసుకోవడం మంచిది.

ఇంత వెతికాక ఉష్ణం, ఉష్ణోగ్రత, ఉష్ణశక్తి అన్న ఆ మూడు మాటల తేడా చెప్పడం తేలిక.

ప్రతి వస్తువులోని అణువులు, పరమాణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. ఇనుములో అవి తమ చోటు వదలకుండా కంపిస్తాయి, నీటిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ జరుగుతాయి, గాలిలో విడివిడిగా పరుగెత్తుతాయి. మామూలు గదిలోని గాలిలో నైట్రోజన్ అణువు వేగం సెకనుకు దాదాపు 500 మీటర్లు. ఈ కదలికలో ఒక్కో అణువుకు సగటున ఉండే గతిజశక్తిని సూచించేది ఉష్ణోగ్రత. సగటు కాబట్టి అది వస్తువు పరిమాణం మీద ఆధారపడదు. బిందెలోని నీళ్లు 40 డిగ్రీలుంటే అందులోంచి తీసిన చెంచాడు నీళ్లూ 40 డిగ్రీలే. వస్తువులోని అణువులన్నిటి శక్తినీ కలిపితే వచ్చే మొత్తం ఉష్ణశక్తి. ఇది పరిమాణంతో పెరుగుతుంది. అణువుల కదలికతో పాటు వాటి మధ్య బంధాల శక్తినీ కలిపి చెప్పేటప్పుడు పై తరగతుల్లో అంతర్గత శక్తి అంటారు. ఇక ఉష్ణం అంటే, ఉష్ణోగ్రతలో తేడా ఉన్నందువల్ల ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు ప్రవహిస్తున్న శక్తి. చెరువులో నీళ్లుంటాయి గానీ వాన ఉండదు కదా, అలాగే వస్తువులో ఉష్ణశక్తి ఉంటుంది గానీ ఉష్ణం ఉండదు. వాన కురిసినా, వాగు వచ్చి కలిసినా చెరువు మట్టం పెరుగుతుంది, పెరిగాక ఏది ఎంతో చెప్పలేం. ఉష్ణశక్తి కూడా ఉష్ణం ఇస్తే పెరుగుతుంది, రుద్దితే పెరుగుతుంది. పెరిగాక ఏ దారిన వచ్చిందో వస్తువును చూసి చెప్పలేం.

రుద్దడమనే ఆ రెండో దారి తెలియడానికి చాలా కాలం పట్టింది. వేడి అనేది వస్తువుల్లో దాగి ఉండే ఒక ద్రవం అని 18వ శతాబ్దంలో నమ్మేవారు. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలు తొలిపించే రంఫర్డ్, మొద్దు బరమాతో తొలుస్తూ చుట్టూ నీళ్లు నింపిన పెట్టె పెట్టించాడు. మంట లేకుండానే రెండున్నర గంటల్లో ఆ నీళ్లు మరిగాయి. తొలిచినంత సేపూ వేడి పుడుతూనే ఉంటే అది లోపల నిల్వ ఉన్న ద్రవం ఎలా అవుతుందని 1798లో ఆయన అడిగాడు. 1840లలో జేమ్స్ జౌల్ కిందికి దిగే బరువులతో నీటిలోని తెడ్లను తిప్పించి, ఎంత పనికి నీరు ఎంత వేడెక్కుతుందో కొలిచాడు. ఒక కెలోరీకి (గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే ఉష్ణానికి) సుమారు 4.2 జౌళ్లన్న లెక్కకు మూలం ఆ కొలతలే. మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే ఈ లెక్క ఇవ్వండి: ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతం సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. ఆ శక్తి అంతా నీటిలోనే మిగిలితే కింది నీరు పైదానికన్నా ఎంత వెచ్చగా ఉంటుంది? కిలో నీటికి 9.8 × 45 = 441 జౌళ్లు. దాన్ని 4200తో భాగిస్తే 0.1 డిగ్రీ.

ఉష్ణోగ్రతనూ ఉష్ణశక్తినీ కలిపేసుకునే పిల్లలకు బాగా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. 90 డిగ్రీల నీళ్లు గ్లాసులో 200 గ్రాములు, 40 డిగ్రీల నీళ్లు బిందెలో 15 కిలోలు. గది 30 డిగ్రీలు. రెండూ గది ఉష్ణోగ్రతకు దిగేలోపు ఏది ఎక్కువ శక్తి వదులుతుంది? గ్లాసు 200 × 4.2 × 60 = 50,400 జౌళ్లు, బిందె 15,000 × 4.2 × 10 = 6,30,000 జౌళ్లు. బిందెది పన్నెండున్నర రెట్లు. సరే, ఇప్పుడు ఆ గ్లాసును బిందెలో దించితే ఉష్ణం ఎటు నుంచి ఎటు వెళ్తుంది? శక్తి ఎక్కువ ఉన్న బిందె నుంచి అని చాలామంది చెబుతారు. వెళ్లేది గ్లాసు నుంచి బిందెకే. దిశను నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక ప్రవాహం ఆగిపోతుంది. పుస్తకంలో ఉష్ణ సమతాస్థితి అన్నది దీన్నే.

చేత్తో తాకి చెప్పే వేడి ఉష్ణోగ్రత కాదన్న విషయం కూడా ఇక్కడే చెప్పేయండి. చలికాలం పొద్దున స్టీలు పళ్లెం చల్లగా, చెక్క పీట అంత చల్లగా కాకుండా తగులుతాయి. రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి రెండింటిదీ ఒకే ఉష్ణోగ్రత. స్టీలు చేతిలోని వేడిని త్వరగా లాగేస్తుంది, చెక్క లాగలేదు. చర్మం పసిగట్టేది ఆ వేగాన్ని. మరి మే నెలలో గది 44 డిగ్రీలున్నప్పుడు తాకితే? చర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ప్రవాహం తిరగబడుతుంది, అప్పుడు చెక్కకన్నా స్టీలే ఎక్కువ వేడిగా తగులుతుంది. ఈ రెండో భాగాన్ని అడక్కుండానే చెప్పగలిగిన పిల్లకు ఉష్ణ వాహకత్వం అర్థమైనట్టే.

ఇక ఆవిరి. పొయ్యి మీద నీళ్లు 98కి చేరాక మంట ఎంత పెంచినా థర్మామీటరు కదలదని మీరూ గమనించారు. మంట ఇస్తున్న శక్తి అణువుల వేగాన్ని పెంచడానికి కాక, ఒకదాన్నొకటి పట్టుకున్న అణువులను విడదీయడానికి ఖర్చవుతోంది. సగటు గతిజశక్తి పెరగలేదు కాబట్టి ఉష్ణోగ్రత పెరగలేదు, కానీ విడిపోయిన అణువుల అంతర్గత శక్తి బాగా పెరిగింది. దీన్నే గుప్తోష్ణం అన్నారు. 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ దీన్ని మొదట కొలిచి చూపించాడు. అంత శక్తి దాచుకున్న ఆవిరి చర్మం మీద తిరిగి నీరైనప్పుడు ఆ బాకీ అంతా అక్కడే తీర్చేస్తుంది. ఒక గ్రాము 100 డిగ్రీల నీరు చేతిమీద పడి 37 డిగ్రీలకు చల్లబడితే ఇచ్చేది 63 × 4.2 = 265 జౌళ్లు. ఒక గ్రాము 100 డిగ్రీల ఆవిరి ముందు నీరుగా మారుతూ 2260 ఇస్తుంది, తర్వాత ఆ నీరు చల్లబడుతూ ఇంకో 265. మొత్తం 2525, తొమ్మిదిన్నర రెట్లు. కుక్కర్ మూత తీసేటప్పుడు, ఇడ్లీ పాత్ర తెరిచేటప్పుడు మొహం పక్కకు పెట్టమనడానికి లెక్క ఇదీ.

దీని మీదే వంటింట్లో ఒక ఆదా ఉంది. లీటరు నీటిని 28 నుంచి 98కి తేవడానికి 2,94,000 జౌళ్లు చాలు. అదే నీటిని పూర్తిగా ఆవిరి చేయాలంటే 22,60,000, ఏడు రెట్లకు పైనే. అన్నం ఎసరు మరిగాక మంట పెద్దదిగా ఉంచితే బియ్యం త్వరగా ఉడకదు, గిన్నెలో ఉన్నది అదే 98 డిగ్రీలు. ఎక్కువైన గ్యాస్ అంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మంట తగ్గించి మూత పెట్టండి, మరుగు ఆగకుండా ఉంటే చాలు. వేసవిలో మట్టికుండ చేసేది ఇదే పని, తిరగేసి: కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి నుంచి ఉష్ణం లాగుతుంది. అయిదు లీటర్ల నీరు ఒక డిగ్రీ చల్లబడటానికి తొమ్మిది గ్రాముల నీరు ఆవిరైతే చాలు. విశాఖలో గాలి తేమగా ఉండి ఆవిరి కావడం మందగిస్తుంది కాబట్టి అనంతపురంలో చల్లబడినంతగా కుండనీళ్లు అక్కడ చల్లబడవు.

పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఈ గుప్తోష్ణం దగ్గరే. 30 డిగ్రీల నీళ్లు 200 గ్రాములు, అందులో 0 డిగ్రీల ఐసు 100 గ్రాములు వేశాం, చివరి ఉష్ణోగ్రత ఎంత అని అడుగుతారు. ఒకే సమీకరణం రాసేసిన పిల్లలకు –6.5 వస్తుంది. నీళ్లూ ఐసూ కలిస్తే సున్నాకన్నా తక్కువ రావడం అసాధ్యం, ఆ రుణ గుర్తు చూడగానే కలం ఆగాలి. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: నీళ్లు సున్నాకు దిగేలోపు ఎంత ఇవ్వగలవు? 200 × 4.2 × 30 = 25,200 జౌళ్లు. ఐసంతా కరగడానికి ఎంత కావాలి? గ్రాముకు 334 చొప్పున 33,400. చాలదు. కాబట్టి చివరి ఉష్ణోగ్రత 0, కరిగేది 25,200 ÷ 334, అంటే సుమారు 75 గ్రాములు, ఇంకా 25 గ్రాముల ఐసు తేలుతూనే ఉంటుంది. అదే ఐసు 50 గ్రాములే అయితే కరగడానికి 16,700 చాలు, మిగిలిన 8,500 జౌళ్లు 250 గ్రాముల నీటిని 8.1 డిగ్రీలకు తెస్తాయి. ఐసు గానీ ఆవిరి గానీ ఉన్న ప్రతి లెక్కలోనూ ఈ ‘చాలుతుందా’ అన్న అడుగు ముందు వేయించండి.

ప్రమాణాల్లో రెండు జాగ్రత్తలు. నీటికి గ్రాముల్లో 4.2 జౌళ్లు, కిలోల్లో 4200 జౌళ్లు, కెలోరీల్లో గ్రాముకు 1. ఒకే లెక్కలో వీటిని కలపకూడదు. కెల్విన్‌లోకి మార్చేటప్పుడు 273 కలపాల్సింది ఉష్ణోగ్రతకే, ఉష్ణోగ్రతల తేడాకు కాదు. 10 డిగ్రీల తేడా అంటే కెల్విన్‌లోనూ 10 తేడాయే. 40 డిగ్రీల నీరు 20 డిగ్రీల నీటికి రెండింతలు వేడి అనడం కూడా తప్పు, కెల్విన్‌లో చూస్తే అవి 313, 293. తేడా ఏడు శాతమే.

రాయి సంగతి పక్కన పెట్టి తేలికగా చేయగలిగింది ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే దాని అడుగున వాట్లు రాసి ఉంటాయి, 1500 అనుకుందాం. లీటరు నీళ్లు పోసి 28 నుంచి 98 రావడానికి పట్టే సమయం చూడండి. సెకనుకు 1500 జౌళ్లు కాబట్టి 2,94,000 జౌళ్లకు 196 సెకన్లు పట్టాలి. గడియారం 230 చూపిస్తే కంగారుపడకండి. కెటిల్ ఒళ్లు వేడెక్కడానికి, ఆవిరికి కొంత పోతుంది. దానికన్నా పెద్ద కారణం కరెంటు కావచ్చు. 1500 వాట్లన్నది 230 వోల్టుల దగ్గరి మాట, సాయంత్రం వోల్టేజీ 210కి పడితే అదే కెటిల్ 1250 వాట్లే ఇస్తుంది. అప్పుడు కావలసిన సమయమే 235 సెకన్లు.

ఇక మళ్లీ ఇనుముకు వద్దాం. తూకం రాయిని తిరగేసి చూడండి. చాలా రాళ్లకు అడుగున గుంటలో సీసం పోసి, దానిమీద తూనికల శాఖ ముద్ర వేస్తారు. సీసం విశిష్టోష్ణం 0.13 మాత్రమే. 200 గ్రాముల్లో 10 గ్రాములు సీసమైతే, ఎంత జాగ్రత్తగా చేసినా 0.434 దాటదు. ఈసారి రాయి వద్దు. హార్డ్‌వేర్ దుకాణంలో చిన్న ఇనుప బోల్టులు 200 గ్రాములు తీసుకోండి, సబ్బు నీళ్లతో జిడ్డు వదిలించి బాగా ఆరబెట్టండి.

బోల్టులను పొడి స్టీలు గ్లాసులో పోసి, మధ్యలో థర్మామీటరు బుడ్డి ఉండేలా పెట్టి, మూతిని గుడ్డతో కప్పండి. ఆ గ్లాసును మరుగుతున్న నీళ్ల గిన్నెలో నిలబెట్టండి, నీళ్లు లోపలికి చిందకూడదు. గాలి ఖాళీల వల్ల బోల్టులు నెమ్మదిగా వేడెక్కుతాయి, ఇరవై అయిదు నిమిషాలైనా పడుతుంది. థర్మామీటరు కదలకుండా అయిదు నిమిషాలు నిలబడిన అంకెనే రాసుకోవాలి, 95 అయితే 95. ఆ తర్వాత థర్మామీటరును బయటికి తీసి ఆరనివ్వండి. వెంటనే నీళ్లలో పెడితే అది కూడా కొంత వేడి మోసుకొస్తుంది. రెండోది దొరికితే చల్లని నీళ్లకు దాన్ని వాడటం ఇంకా మంచిది.

చల్లని నీళ్లకు స్టీలు గ్లాసు వద్దు. రెండు కాగితపు కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టండి, అవి తీసుకునే వేడి చాలా కొంచెం, బయటికి పోనిచ్చేదీ కొంచెమే. అందులో 100 గ్రాముల నీళ్లు తూచి పోయండి. గది 30 డిగ్రీలుంటే ఫ్రిజ్ నీళ్లు కలిపి 24 డిగ్రీలకు తెచ్చుకోండి. చివరికి 36, 37 దగ్గరకు వస్తుంది. గదికన్నా ఎంత కిందినుంచి మొదలైందో దాదాపు అంతే పైకి వెళ్లి ఆగుతుంది కాబట్టి, మొదట గదిలోంచి వచ్చే వేడీ తర్వాత గదిలోకి పోయే వేడీ చాలావరకు సరిపోతాయి. గ్లాసును గుడ్డతో పట్టుకొని, పక్కనే ఉన్న కప్పులోకి రెండు మూడు సెకన్లలో ఒంపేయాలి. ఈ పని మాత్రం మీరే చేయండి. కప్పును మెల్లగా తిప్పుతూ పది సెకన్లకోసారి చదివి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. లోహపు చెంచాతో కలిపితే చెంచా కూడా లెక్కలోకి వస్తుంది.

0.42 నుంచి 0.48 మధ్యలో ఏది వచ్చినా ఈ సామానుకు అది సరైన ఫలితమే. మూడుసార్లు చేసి సగటు రాయమనండి, విడివిడి విలువలు కూడా రికార్డులో ఉంచమనండి. ఒక్కోసారి మధ్య బోల్టులను తుడిచి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. వాటి మరల్లో నీరు మిగిలి ఉంటే, రెండోసారి వేడి చేసేటప్పుడు అది ఆవిరైపోయేదాకా గ్లాసులోని థర్మామీటరు పైకి ఎక్కదు.